హుకుం ఉంది, హాకిం ఏడీ?



హిందూపురంలో మా ఖాలా ఒకామె ఉంది. బేవా. వయసులో ఉన్నప్పుడు పట్టుగూళ్ల నుంచి దారం తీసే పనికి పోయేది. వేడినీళ్ల బేసిన్‌లో ఏళ్ల తరబడి నాని ఆమె వేళ్ల గీతలు సగం చెరిగిపోయాయి. వేలిముద్ర మిషన్ ముందు కూర్చుంటే నాలుగైదుసార్లు కొంగుతో తుడుచుకొని పెట్టాలి. ఆ తక్లీఫ్‌కు ఆమె అలవాటు పడిపోయింది. కానీ కొన్నేళ్ల కింద ఆమె పెన్షనే ఆగిపోయింది. పోయి అడిగితే కంప్యూటర్ ముందున్న అబ్బాయి స్క్రీన్ చూసి, "మీ పేరు మీద కరెంటు యూనిట్లు ఎక్కువ చూపిస్తోందమ్మా, సిస్టం ఆపేసింది" అన్నాడట.

ఇంటికొచ్చి నన్ను అడిగింది. "కౌన్ రోకే బేటా? నామ్ బోలో, మై జాకే పూఛ్తూఁ." ఎవరు ఆపారో పేరు చెప్పు, నేనే పోయి అడుగుతా అని.

నా దగ్గర పేరు లేదు. ఆ అబ్బాయి దగ్గరా లేదు. అతను అబద్ధం చెప్పలేదు, అతనికి నిజంగానే తెలీదు. హుకుం, హాకిం, హుకూమత్ మూడూ ఒకే వేరు నుంచి మొలిచిన లఫ్జులు. హుకుం ఉందంటే దాన్ని ఇచ్చిన హాకిం ఒకడు ఉండి తీరాలి. ఖాలా చదువుకోలేదు గానీ ఆమె సవాల్ అదే. ఆ సవాల్ పట్టుకొని మన ఇలాఖా తారీఖ్‌లోకి కాస్త వెనక్కి పోదామని ఈ మజ్మూన్.

మన పెనుకొండ, హిందూపురం, ధర్మవరం పక్క సర్కారీ మాటలు ఒకసారి చెవిపెట్టి వినండి. తహశీల్దారు, అర్జీ, దరఖాస్తు, రసీదు, నకలు, మంజూరు, రద్దు, వసూలు, బాకీ, హాజరు, జమాబందీ, ఫిర్యాదు, జవాబు. రైతు అన్న మాటే 'రయ్యత్' నుంచి వచ్చింది. ఇవి మన ఇళ్ల భాష మాత్రమే కాదు, ఉర్దూ ఒక్క ముక్క రాని కాపు రైతు కూడా ఇవే మాట్లాడతాడు. ఈ మాటలన్నీ జంటలు జంటలుగా ఉండడం నాకు చిన్నప్పటినుంచీ వింతగా తోచేది. అర్జీ ఉంటే మంజూరో రద్దో ఉంటుంది. వసూలు ఉంటే రసీదు ఉంటుంది. ఫిర్యాదు ఉంటే జవాబు ఉంటుంది. 'రద్దు' అని రాస్తే కింద ఎవరిదో దస్తఖత్ ఉంటుంది.

1565లో తళ్లికోట యుద్ధం తరువాత విజయనగరం పాడుబడితే తిరుమలరాయలు దర్బారును పెనుకొండకు తెచ్చాడు. ఆ తరువాత ఈ కోట ఎన్నో చేతులు మారింది. హైదర్ అలీ, టిప్పు సుల్తాన్‌ల ఏలుబడి కింద ఉంది. టిప్పు షహాదత్ తరువాత నిజాం చేతికొచ్చింది. నిజాం 1800లో బళ్లారి, కడప, అనంతపురం ముల్కును కంపెనీకి అప్పగించాడు. 'దత్త మండలాలు' అనే పేరు అప్పుడు వచ్చింది. ఆ ముల్కుకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చినవాడు థామస్ మన్రో. 1800 నుంచి 1807 దాకా ఉన్నాడు. మన పక్క కొన్ని పల్లెల్లో పిల్లలకు 'మన్రోలప్ప' అని పేరు పెట్టుకునేవాళ్లంటే ఆయన ఎంత లోతుగా దిగబడ్డాడో చూడండి.

మన్రో ఫరిష్తా ఏం కాదు. కంపెనీ ఖజానా నింపడానికి వచ్చిన ఫౌజీ అధికారి, పాలెగాళ్లను అణిచినవాడు. కానీ ఆయన సర్వే చేయించిన తీరు మనం తెలుసుకోదగ్గది. ఎందుకంటే ఈ రోజు మనం 'డేటా' అంటున్నది ఈ సీమలో అంత పెద్ద ఎత్తున పోగుచేసిన ఘడియ అదే.

1802లో కొద్దిమంది సర్వేయర్లతో పని మొదలైంది. క్రమంగా వాళ్లు వందమంది దాకా అయ్యారు. గొలుసు పొడవు 33 అడుగులు. ఆ గొలుసుతో చదరం కొలిస్తే ఒక గుంట, నలభై గుంటలు ఒక ఎకరం. ఈ రోజు మన పాసుపుస్తకాల్లో రాసే ఎకరం అదే. కొలత అయ్యాక నేల ఏ తరగతిదో తేల్చేవాళ్లు వచ్చేవాళ్లు. ఇక్కడే అసలు సంగతి ఉంది. తరగతి తేల్చే గుమాస్తా తన గదిలో కూర్చొని తేల్చడానికి వీల్లేదు. ఊరి పెద్ద, కరణం, రైతులు వెంట నడవాలి, చేను చేనూ చూడాలి. ఇది ఎర్రనేల, ఇది చౌడు, ఈ బావి ఎండిపోయింది అని రైతు నోటితోనే చెప్పాలి. ఆ పైన ఇంకొకరు వచ్చి కొన్ని చేలను మళ్లీ తనిఖీ చేసేవాళ్లు. చివరికి కచేరీలో లెక్క వినిపించేవాళ్లు, ఒప్పుకోనివాడు అక్కడే గొడవ పడొచ్చు. ఏటేటా జరిగే జమాబందీ ఆ కచేరీకి వారసురాలే.

ఇదంతా రైతు మీద రహమ్‌తో చేశారని నేననను. తప్పు లెక్క రాసుకుంటే వసూలు కాదని మన్రోకు తెలుసు. అయితే ఇంకో సంగతి కూడా ఉంది. కొలత అంత జాగ్రత్తగా జరిగినా శిస్తు రేటు మాత్రం విపరీతంగా ఉండింది. 1807లో ఇక్కడి నుంచి పోతూ పోతూ మన్రోనే రాశాడు, ఈ రేటును నాలుగో వంతు తగ్గించాలని, బావుల కింది సాగుకు ఇంకా కాస్త ఎక్కువ తగ్గించాలని. మద్రాసు సర్కారు అప్పుడు వినలేదు. ఊళ్లను గుత్తకిచ్చే పద్ధతి పెట్టింది. అది బెడిసికొట్టింది. 1820లో మన్రో తానే గవర్నర్ అయ్యాక గానీ ఆ తగ్గింపు అమల్లోకి రాలేదు. హిసాబ్ సరిగ్గా ఉండి కూడా ఫైసలా జులుం కావచ్చు. గొలుసు అబద్ధమాడలేదు, రేటు వేసినవాడి చెయ్యి బరువెక్కింది. ఆ చెయ్యి ఎవరిదో తెలుసు కాబట్టి పదమూడేళ్లకైనా దాన్ని సరిచేసుకున్నారు.

మన్రో కన్నా దాదాపు ఏడు వందల యాభై ఏళ్ల ముందరి మాట ఒకటి చెప్పాలి. బగ్దాద్‌లో అల్ మావర్దీ అనే ఖాజీ ఉండేవాడు. 1058లో వఫాత్ అయ్యాడు. హుకూమత్ నడపడం గురించి 'అల్ అహ్‌కామ్ అల్ సుల్తానియ్యా' అనే కితాబ్ రాశాడు. అందులో 'మజాలిం' దర్బార్ గురించి ఒక బాబ్ ఉంది. మజాలిం అంటే జులుంలను విచారించే కచేరీ, మామూలు ఖాజీ అదాలత్‌కు పైన ఉండేది. అందులో చూడాల్సిన పనులను మావర్దీ వరసగా చెప్తాడు. రయ్యత్ మీద అధికారుల జులుం, పన్ను వసూలులో జాస్తీ, దివాన్‌లో లెక్కలు రాసే మున్షీల పని. ఈ మూడింటిని విచారించడానికి ఫిర్యాదీ రానక్కర్లేదు అంటాడు! హాకిం తానే రిజిస్టర్ తెప్పించి చూడాలి. నాలుగోది జీతాలు, వజీఫాలు తగ్గించారని, ఆలస్యం చేశారని వచ్చే ఫిర్యాదులు. అప్పుడు దివాన్ పుస్తకం తిరగేసి తేల్చాలి.

దివాన్ మున్షీ స్థానంలో ఇప్పుడు ఒక సాఫ్ట్‌వేర్ ఉందనుకోండి. ఆ వాక్యం మళ్లీ చదవండి. నేను మొదటిసారి చదివినప్పుడు ఖాలా గుర్తొచ్చింది.

అదే శతాబ్దంలో సల్జూక్ వజీర్ నిజాముల్ ముల్క్ 'సియాసత్‌నామా'లో ఇంకో కిస్సా చెప్తాడు. ఒక బాద్షాకు చెవుడు. మధ్యవాళ్లు ఫిర్యాదీల మాట సరిగ్గా చేరవేయరని ఆయనకు భయం. అందుకని జులుం జరిగినవాళ్లు మాత్రమే ఎర్రబట్టలు కట్టుకోవాలని హుకుం ఇచ్చి, తాను ఏనుగెక్కి మైదానంలోకి పోయేవాడట. ఎర్రబట్ట కనబడితే దగ్గరకు పిలిచి గట్టిగా చెప్పించుకునేవాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని మనం సామెత చెప్పుకుంటాం. ఆ చెవిటివాడు మాత్రం తన చెవుడు తాను ఒప్పుకున్నాడు.

ఇక మన రోజులకు వద్దాం. 2019 అక్టోబర్ 2 నుంచి ఆంధ్రలో గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాయి. దాంతోపాటు 'సిక్స్ స్టెప్ వాలిడేషన్' అనే మాట మన అమ్మీజాన్‌ల నోటికి కూడా ఎక్కింది. కుటుంబ ఆదాయం పల్లెలో నెలకు పదివేలు, పట్టణంలో పన్నెండు వేలు దాటకూడదు. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు దాటకూడదు. కరెంటు నెలకు 300 యూనిట్లు మించకూడదు. సొంత కారు ఉండకూడదు, ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్‌కు మాఫీ. ఇంట్లో సర్కారీ నౌకరీ ఉండకూడదు, ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టకూడదు. పట్టణంలో వెయ్యి చదరపు అడుగులకు మించిన ఆస్తి ఉండకూడదు. నిబంధనల్లో తప్పేముంది? ఉన్నవాడికి ఇవ్వకుండా లేనివాడికి ఇవ్వాలన్నదే కదా నియ్యత్. అర్హుల, అనర్హుల జాబితాలను సచివాలయం గోడల మీద అతికించడం కూడా మంచిపనే. అంతకుముందు పార్టీ మనిషి సిఫార్సు లేకపోతే రేషన్ కార్డు రాని రోజులు మనం మర్చిపోలేదు. మిషన్‌కు కులం తెలీదు, పార్టీ తెలీదు, లంచం తెలీదు అని సంతోషించినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

చిక్కు ఎక్కడంటే, ఈ షరతులను తనిఖీ చేసేది మనిషి చేను దగ్గరికి, ఇంటి దగ్గరికి పోయి కాదు. ఒక శాఖ రిజిస్టర్‌ను ఇంకో శాఖ రిజిస్టర్‌తో కలిపి. కరెంటు శాఖ పుస్తకంలో మీటరు ఎవరి ఆధార్‌కు ముడిపడి ఉందో, రవాణా శాఖ పుస్తకంలో కారు ఎవరి పేరున ఉందో, అదే ఆఖరి మాట. ధర్మవరం సంగతే తీసుకోండి. 2019 డిసెంబర్ 21న నేతన్న నేస్తం ఆ ఊళ్లోనే మొదలైంది. సొంత మగ్గం ఉన్న నేతగాడి కుటుంబానికి అప్పట్లో ఏడాదికి 24,000 రూపాయలు ఇచ్చేవాళ్లు. కానీ ధర్మవరం పట్టుచీర ఎలా తయారవుతుందో ఆ ఊరి పిల్లాడిని అడిగినా చెప్తాడు. షావుకారు మగ్గం మీద కూలికి నేసేవాడు ఉంటాడు, ఆసు పోసేవాళ్లు, కండెలు చుట్టే ఆడవాళ్లు ఉంటారు. రిజిస్టర్‌కు కావలసింది మగ్గం. మగ్గం వెనకాల కూర్చున్న మనిషి అందులో అరసగమే కనబడతాడు.

ఇలా రిజిస్టర్లు కలిపితే ఏమవుతుందో పొరుగున తెలంగాణలో లెక్కలతో సహా బయటపడింది. అక్కడి సర్కారు 'సమగ్ర వేదిక' అనే సిస్టం పెట్టింది. వాహనాలు, ఆస్తులు, కరెంటు లాంటి అనేక పుస్తకాల్లోంచి ఒక మనిషి వివరాలన్నీ ఏరి, ఇది ఫలానా మనిషే అని జోడించి చెప్తుంది. అల్ జజీరా 2024 జనవరిలో ప్రచురించిన తహ్కీకాత్ ప్రకారం 2014 నుంచి 2019 మధ్య తెలంగాణలో 18 లక్షల 60 వేలకు పైగా రేషన్ కార్డులు రద్దయ్యాయి. కొత్త అర్జీలు 1,42,086 తిరస్కరించారు. నోటీసు లేదు. హైదరాబాద్‌లో ఒక బేవాకు రేషన్ ఆగిపోయింది, ఆమె షోహర్ పేరుకు దగ్గరగా ఉన్న ఇంకొకాయనకు కారు ఉండడమే ఆమె తప్పు. సుప్రీం కోర్టు 2022 ఏప్రిల్‌లో, రద్దు చేసిన కార్డులన్నిటినీ ఇళ్లకు పోయి మళ్లీ తనిఖీ చేయమంది. ఆ తరువాత వచ్చిన అర్జీల్లో 2,05,734 చూస్తే 15,471 కుటుంబాలు నిజంగా హక్‌దారులే అని తేలింది. నూటికి ఏడున్నర. వాళ్ల వంట గదుల్లో ఆ ఏళ్లు ఎలా గడిచాయో ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. సాఫ్ట్‌వేర్ లోపల ఏ సూత్రం ఉందో చూపమని సమాచార హక్కు కింద అడిగితే ఇవ్వలేదు.

పేర్ల సంగతి మనకు ఇంకా దగ్గరిది. పెనుకొండ బాబయ్య దర్గాకు మొక్కుకొని పుట్టినవాళ్లకు ఆ హజ్రత్ పేరు పెట్టుకోవడం మన ఇలాఖాలో ఆనవాయితీ. షేక్ బాబా ఫక్రుద్దీన్ అని బజార్లో పిలిస్తే ఎంతమంది తిరిగి చూస్తారో మీకు తెలుసు. ఆ ఒక్క పేరే ఆధార్‌లో ఒకలా, బ్యాంకులో ఇంకోలా, స్కూలు సర్టిఫికెట్‌లో మరోలా ఉంటుంది. బాషా, భాషా, పాషా ముగ్గురూ ఒకరే కావచ్చు, ముగ్గురు వేరే వేరే కావచ్చు. 'షేక్' ముందు రాస్తే ఒక మనిషి, వెనక రాస్తే ఇంకో మనిషి. ఆడవాళ్ల పేరు చివర బీ, బీబీ, బేగం రాసేవాడి ఇష్టాన్ని బట్టి మారుతుంది. ఊరి కరణానికి 'చింతపండు మార్కెట్ దగ్గరి ఫక్రుద్దీన్' ఎవరో, 'కోట దగ్గరి ఫక్రుద్దీన్' ఎవరో తెలిసేది. మిషన్ అక్షరాలు పోల్చి, ఇద్దరూ ఒకరే అయ్యే అవకాశం ఇంత అని ఒక అంకె వేస్తుంది. ఆ అంకె అందాజా. మన దాకా వచ్చేసరికి అది ఫైసలా అయిపోతుంది. ఇందులో మజ్హబ్ మీద దుష్మనీ ఉందని నేననడం లేదు. పేర్లు తక్కువ, పేరు పెట్టుకున్నవాళ్లు ఎక్కువ ఉన్న కౌమ్ మీద ఈ గల్తీ బరువు ఎక్కువ పడుతుందంటున్నా, అంతే.

దుష్మనీ లెక్కలోకి చొరబడిన చోటు కూడా ఉంది. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణకు సర్కారు ఇచ్చే సొమ్ములో మోసాలు పట్టడానికి పన్నుల శాఖ ఒక సిస్టం వాడింది. డచ్ పౌరసత్వం లేకపోవడాన్ని కూడా అది అనుమానానికి గుర్తుగా లెక్కేసుకుంది. టర్కీ, మొరాకో మూలాలున్న కుటుంబాలు ఎన్నో అందులో నలిగిపోయాయి. వేలాది కుటుంబాలు అప్పుల్లో పడ్డాయి. చివరికి 2021 జనవరి 15న అక్కడి సర్కారే రాజీనామా చేసింది. ఆస్ట్రేలియాలో ఏడాది ఆదాయాన్ని 26 పక్షాలకు సమంగా పంచేసి, పేదలకు లేని బాకీలు చూపించారు. 2023లో రాయల్ కమిషన్ దాన్ని గట్టిగా తప్పుపట్టింది. ధనిక దేశాలు, చదువుకున్న ప్రజలు. అక్కడా మొదట్లో బాధితుల ఫిర్యాదును ఎవరూ నమ్మలేదు, కంప్యూటర్‌నే నమ్మారు.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ ఉంది. అక్కడ రోబోలు పనిచేస్తాయని మన పిల్లలు గొప్పగా చెప్పుకుంటారు. కార్ల వ్యాపారంలో ఒక దస్తూర్ ఉంది. ఒక భాగంలో లోపముందని తెలిస్తే కంపెనీ ఆ తారీఖుల మధ్య తయారైన కార్లన్నిటినీ వెనక్కి పిలుస్తుంది. నీ బ్రేకు ఫెయిలైందా, రుజువు పట్టుకురా అనదు. కారు కొన్నవాడికి ఉన్న ఈ మర్యాద రేషన్ కార్డు ఉన్నవాడికి ఎందుకు లేదు? ఒక మీటరు తప్పుగా ముడిపడిందని తేలితే, అలాంటి మీటర్లన్నీ సర్కారే వెతుక్కోవాలి కదా. ఫిర్యాదీ కోసం ఆగనక్కర్లేదన్న మావర్దీ మాట ఇదే కదా. కానీ మన దగ్గర ఒక్కొక్క ఖాలా ఒక్కొక్క జిరాక్స్ పట్టుకొని విడివిడిగా లైన్లో నిలబడుతుంది.

దీనికి నమూనా ఎక్కడో వెతకాల్సిన పని లేదు. 2006లో మన అనంతపురం జిల్లాలోనే ఉపాధి హామీ పనుల మీద పెద్ద సామాజిక తనిఖీ జరిగింది. కార్యకర్తలు పాదయాత్రగా ఊరూరూ తిరిగి, మస్టర్ రోల్ కాగితాలు జనం మధ్య గట్టిగా చదివారు. ఫలానా వారం ఫలానా మనిషి పనికి వచ్చినట్టు రాసి ఉంది, నిజమేనా అని. ఆ మనిషి అక్కడే లేచి అవునో కాదో చెప్పేవాడు. గవాహీ రికార్డు ముఖం మీదే నిలబడేది. ఆ తజురుబా మీదే తరువాత రాష్ట్రంలో సామాజిక తనిఖీకి ఒక సంస్థే ఏర్పడింది. మస్టర్ రోల్‌ను అలా చదివించగలిగిన జిల్లాలో అనర్హుల జాబితాను, దాని పక్కన ఒక్కొక్కరి వజహ్‌ను, వార్డు సభలో అలాగే చదివించొచ్చు. ఎవరి ఇంటి గుట్టు బయటపడకూడదో వాళ్ల వరకు విడిగా చెప్పొచ్చు.

కానూన్ కూడా లేకపోలేదు. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్‌లో ఒక చిన్న క్లాజు ఉంది. ప్రభుత్వ సంస్థ తన పరిపాలనా నిర్ణయాలకు కారణాలను, ఆ నిర్ణయం ఎవరి మీద పడిందో వాళ్లకు చెప్పాలి. అడిగితే చెప్పాలి అని కాదు, తానే చెప్పాలి. 'సిస్టం ఆపింది' అన్నది వజహ్ కాదు. ఏ మీటరు, ఏ నంబరు, ఏ నెలలు, ఎన్ని యూనిట్లు, ఈ ఫైసలా మీద ఎవరి దస్తఖత్, మళ్లీ విచారించేది ఎవరు, అంతవరకు పెన్షన్ ఆగుతుందా నడుస్తుందా. నన్నడిగితే చివరిదే అసలు సవాల్. గల్తీ ఎవరిదో తేలేదాకా ఆకలి ఎవరు భరించాలి? ఇన్నాళ్లూ ఆ బరువు పేదవాడి మీదే వేశాం, సర్కారు తన మీద వేసుకోవాలి. మోసగాడికి రెండు నెలలు ఎక్కువ పోతే ఖజానా కూలిపోదు.

2025 జనవరి 30న మన రాష్ట్రంలో 'మన మిత్ర' పేరుతో వాట్సాప్ లోనే 161 సేవలు మొదలయ్యాయి. సర్టిఫికెట్ కోసం ఒక రోజు కూలి పోగొట్టుకొని తాలూకా ఆఫీసు చుట్టూ తిరిగే పని తప్పుతుంటే దాన్ని కాదనే బేవకూఫ్ ఎవడు? ముందు ముందు ఇంకా తెలివైన మిషన్లు వస్తాయి, మనకు తెలుగులోనే, బహుశా దక్కనీలో కూడా తియ్యగా జవాబిస్తాయి. వాటికి 'ఇవ్వడం' పని ఎంతైనా అప్పజెప్పండి. 'ఆపడం' మాత్రం ఒక మనిషి చేయాలి, తన పేరు రాసి చేయాలి.

ఖాలా సంగతి ఆఖర్న చెప్తానన్నట్టు మీరు ఎదురుచూస్తుంటారు. ఆ మీటరు వాళ్లది ఎప్పుడో అమ్మేసిన ఇంటిది. ఖాలూ బతికుండగానే అమ్మారు. కొన్నవాళ్లు ఏసీలు పెట్టుకున్నారు, మీటరు పేరు మార్పించుకోలేదు, ఖాలా ఆధార్ మాత్రం దానికి అతుక్కొని ఉంది. కొన్నవాళ్లను బతిమాలి, పాత దస్తావేజు నకలు తీయించి, పేరు మార్పించేసరికి ఏడు నెలలు. చివర్న ఒక అమ్మాయి స్కూటీ మీద వచ్చింది, ఖాలా ఉంటున్న గదిలోకి తొంగి చూసింది. ఒక ఫ్యాను, రెండు బల్బులు. ఫోటో తీసుకుంది, ఇచ్చిన చాయ్ నిలబడే తాగింది, పోయింది. మొత్తం కలిపి పది నిమిషాలు పట్టలేదు.

"ఈ పిల్లను మొదటి నెలలోనే పంపి ఉంటే సరిపోయేది కదా" అంది ఖాలా, గ్లాసు తీస్తూ. ఆగిన ఏడు నెలల డబ్బు కోసం ఇంకో అర్జీ పెట్టాం.